సోయిచిరో హోండా: కంపెనీ కష్టాల్లో ఉండగానే రేసుకు సై.. ఓ కమ్మరి కొడుకు కథ

స్కూటర్ మీదో, బైక్ ట్యాంక్ మీదో హోండా అనే పేరు మనకు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. అయితే అది ఒక మనిషి ఇంటిపేరని చాలామందికి తెలియదు. తన కంపెనీ నిలబడుతుందో లేదో తెలియని రోజుల్లోనే, ప్రపంచంలో అతి కష్టమైన బైక్ రేసు గెలిచి తీరుతామని ప్రకటించిన మొండి మనిషి ఆయన.

1906 నవంబర్ 17న జపాన్‌లోని షిజుఓకా ప్రాంతంలో ఓ పల్లెలో సోయిచిరో హోండా పుట్టారు. తండ్రి కమ్మరి. సైకిళ్లు కూడా బాగుచేసేవారు. చదువు పెద్దగా అబ్బలేదు. 15 ఏళ్లకే టోక్యో వెళ్లి ఓ కార్ల గ్యారేజీలో చేరితే, మొదట్లో దక్కిన పని యజమాని బిడ్డను ఆడించడమే! ఆ తర్వాతే స్పానర్ చేతికొచ్చింది. 1928లో హమమత్సులో సొంతంగా షాపు తెరిచారు.

రేసులంటే ఆయనకు పిచ్చి. 1936లో తాను సిద్ధం చేసిన కారులోనే పోటీకి దిగి ఘోర ప్రమాదానికి గురయ్యారు. చావు తప్పింది.

తర్వాత పిస్టన్ రింగుల తయారీ మొదలుపెట్టారు. టొయోటా పరీక్షకు 50 రింగులు పంపితే పాసైనవి మూడే. అయినా వెనక్కి తగ్గలేదు. టెక్నికల్ స్కూల్లో చేరి, లోహాల గురించి చదువుకుని, రింగులు సరిగ్గా చేసి చూపించారు. ఇంతలో యుద్ధం వచ్చింది. బాంబు దాడులు, 1945 భూకంపం ఫ్యాక్టరీలను దెబ్బతీశాయి. మిగిలింది టొయోటాకే అమ్మేశారు.

యుద్ధం అయిపోయాక జనానికి తిరగడానికి బండ్లు లేవు. సైన్యం వైర్‌లెస్ సెట్ల కోసం వాడిన చిన్న ఇంజిన్లు ఆయన కంటపడ్డాయి. వాటిని సైకిళ్లకు బిగించి అమ్మారు. అలా 1948లో హోండా మోటార్ కంపెనీ పుట్టింది. మరుసటి ఏడాది టకెవో ఫుజిసావా వచ్చి చేరారు. ఇంజిన్ల సంగతి హోండాది, డబ్బు లెక్కలు ఫుజిసావావి.

అసలు పరీక్ష 1954లో ఎదురైంది. బ్రిటన్ దగ్గర్లోని ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ రేసులో పాల్గొంటామని మార్చిలో ప్రకటించారు. సరిగ్గా అదే ఏడాది కంపెనీ చిక్కుల్లో పడింది. విదేశీ యంత్రాల కోసం అప్పటికే 45 కోట్ల యెన్లు ఖర్చు. కొత్త జూనో స్కూటర్ అమ్ముడుపోలేదు. డ్రీమ్ బైక్ ఇంజిన్‌పై ఫిర్యాదులు. జూన్‌లో రేసు చూడటానికి వెళ్తే ఇంకో షాక్.. అదే సైజు జర్మన్ ఇంజిన్ల పవర్ హోండా ఇంజిన్లకు దాదాపు మూడింతలు!

ఇంకొకరైతే ఆ మాట అక్కడితో మర్చిపోయేవారే. హోండా మాత్రం యూరప్‌లో దొరికిన విడిభాగాలు కొనుక్కుని ఇంటికొచ్చారు. బ్యాంకును ఒప్పించి కంపెనీని గట్టెక్కించే బాధ్యత ఫుజిసావా చూసుకున్నారు. ఐదేళ్లు పట్టింది. 1959లో తొలిసారి బరిలోకి దిగిన హోండా 125 సీసీ రేసులో ఆరో స్థానంతో పాటు టీమ్ అవార్డు కొట్టింది. 1961లో అయితే 125, 250 సీసీ రెండు విభాగాల్లోనూ మొదటి ఐదు స్థానాలు హోండా బైకులవే.

మధ్యలో 1958లో సామాన్యుడి కోసం తెచ్చిన సూపర్ కబ్ సంచలనం సృష్టించింది. 2017 నాటికి ఈ సిరీస్ బండ్ల తయారీ 10 కోట్లు దాటింది. 1984లో హీరోతో చేతులు కలిపిన హోండా, మరుసటి ఏడాది సీడీ 100తో మన రోడ్లపైకీ వచ్చింది.

1973లో హోండా, ఫుజిసావా ఇద్దరూ ఒకేసారి తప్పుకొన్నారు. కుర్చీ కొడుక్కి ఇవ్వలేదు, కంపెనీలో ఎదిగిన ఇంజినీర్‌కు అప్పగించారు. 1991 ఆగస్టు 5న 84 ఏళ్ల వయసులో హోండా కన్నుమూశారు. టీటీ ప్రకటన నాటికి ఆయన చేతిలో గెలిచే ఇంజిన్ లేదు. ఉన్నదల్లా దాన్ని తయారుచేసి తీరాలన్న పట్టుదలే.