అక్కల నగలతో కొన్న పుస్తకాలు

కొత్తగూడ లాంటి ఏజెన్సీ మండలం నుంచి బిడ్డను నర్సంపేటకో, వరంగల్‌కో డిగ్రీకి పంపాలంటే ఫీజుతో పాటు హాస్టల్, బస్సు, పుస్తకాల ఖర్చులూ మోయాలి. అంబేడ్కర్ ఇంట్లోనూ ఇదే ఇబ్బంది ఉండేదని మనం మరిచిపోతుంటాం.

తండ్రి రాంజీ రిటైరైన సుబేదార్. పెన్షనే ఆధారం. కొడుకు పుస్తకం అడిగితే పెళ్లయిన కూతుళ్ల దగ్గర చేబదులు తెచ్చేవారు. వాళ్ల దగ్గరా డబ్బు లేకుంటే నగ కుదువపెట్టి, పెన్షన్ రాగానే విడిపించేవారు. కాలేజీ చదువుకు బరోడా మహారాజు శాయాజీరావు స్కాలర్‌షిప్ ఇచ్చారు. ఆయన సాయంతోనే అంబేడ్కర్ 1913లో కొలంబియా వెళ్లారు. గడువు ముగియడంతో 1917లో లండన్ చదువు మధ్యలో ఆపి తిరిగొచ్చారు. సిడెన్‌హామ్ కాలేజీలో పాఠాలు చెప్పి జీతం కూడబెట్టారు. దానికి శాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భాతేనా ఇచ్చిన అప్పు కలిపి 1920లో మళ్లీ లండన్ వెళ్లారు.

వైస్రాయ్ కౌన్సిల్ సభ్యుడయ్యాక దళిత విద్యార్థుల చదువుకు ప్రభుత్వమే డబ్బివ్వాలని పట్టుబట్టారు. పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1944లో మొదలైంది. రాజు దయ మీద, అక్కల నగల మీద ఆధారపడిన చదువు అప్పుడు ప్రభుత్వ బాధ్యత అయింది.

ఫీజు బకాయిలు ఆగితే మన ఇళ్లల్లో మళ్లీ నగలే కుదువకు వెళ్తాయి. వాటిని విడుదల చేయమని మనం అడగడం ఆయన మొదలుపెట్టిన పనికి కొనసాగింపే.