ఎల్లారెడ్డి ఎన్నుకున్న ధిక్కార స్వరం.. ఈశ్వరీబాయి

* మంత్రికి శాసనసభలోనే చెప్పు చూపిన దళిత నాయకురాలు
* 1967, 1972 ఎన్నికల్లో ఇక్కడి నుంచే విజయం
* తెలంగాణ తొలి ఉద్యమంలో కారాగారవాసం

ఎల్లారెడ్డి: నిండు శాసనసభలో మంత్రికి చెప్పు చూపిన సభ్యురాలిగా జెట్టి ఈశ్వరీబాయి పేరు తెలుగు నేల అంతటా చిరపరిచితం. అయితే ఆ రోజు ఆమె సభలో నిలుచున్నది ఎల్లారెడ్డి ఓటర్ల ప్రతినిధిగానేనన్న సంగతి ఈ ప్రాంతపు నేటి యువతలో అనేకులకు తెలియదు. ఒకవైపు పోచారం జలాశయం, మరోవైపు నిజాంసాగర్ గల ఈ గ్రామీణ నియోజకవర్గం సికింద్రాబాద్‌లో పుట్టి పెరిగిన ఒక దళిత మహిళను 1967లోను, 1972లోను శాసనసభకు పంపింది. రెండు పర్యాయాలూ ఆమె అధికార పక్షంలో లేరు. మంత్రి పదవి చేపట్టలేదు. అయినప్పటికీ నాటి మంత్రులలో పలువురి పేర్లు మరుగున పడినా ఆమె పేరు నిలిచింది. అందుకు కారణం ఆ చెప్పు ఒక్కటే కాదు, దాని వెనుక ఉన్న మూడు దశాబ్దాల నడవడి.

రైలుబస్తీలో బాల్యం

ఈశ్వరీబాయి 1918 డిసెంబరు 1న సికింద్రాబాద్‌లోని చిలకలగూడలో జన్మించారు. తండ్రి బల్లెపు బలరామస్వామి నిజాం రాజ్య రైల్వేలో ఉద్యోగి. తల్లి రాములమ్మ. వారిది మాల కుటుంబం. తెలంగాణ పల్లెల్లో దళితులు వెట్టిచాకిరీలో మగ్గుతున్న రోజులవి. సికింద్రాబాద్ పరిస్థితి కొంత భిన్నం. ఆంగ్లేయుల దండు, రైల్వే, చిన్న కర్మాగారాలు నెల జీతాన్ని చూపించాయి. మిషన్ బడులు అక్షరాన్ని అందించాయి. భాగ్యరెడ్డి వర్మ, అరిగె రామస్వామి వంటి సంస్కర్తలు జంటనగరాల్లో ఆది హిందూ ఉద్యమాన్ని నడిపి పాఠశాలలు, సంఘాలు స్థాపించారు. ఆ వాతావరణంలో పెరిగిన ఈశ్వరీబాయి ఎస్‌పీజీ మిషన్ పాఠశాలలోను, కీస్ ఉన్నత పాఠశాలలోను విద్య అభ్యసించారు.

ఆనాటి ఆచారం ప్రకారం పసిప్రాయంలోనే ఆమె వివాహం జరిగింది. భర్త జెట్టి లక్ష్మీనారాయణ పుణెలో దంతవైద్యులు. ఆ వైవాహిక జీవితం అనుకూలించలేదు. పుట్టింటికి తిరిగి వచ్చిన ఆమె ఎవరికీ భారం కారాదని నిశ్చయించుకుని సికింద్రాబాద్‌లోని పరోపకారిణి పాఠశాలలో ఉపాధ్యాయినిగా చేరారు. కుమార్తె గీత పెంపకాన్ని తానే చూసుకున్నారు. తరువాత చిలకలగూడలో గీతా విద్యాలయం నెలకొల్పి పేద పిల్లలకు చదువు చెప్పారు. భర్త తోడు లేని స్త్రీ, అందునా దళిత స్త్రీ, నలుగురిలోకి రావడమే తప్పుగా భావించిన కాలంలో ఆమె తన సంపాదనపై నిలబడ్డారు. ఆ స్వతంత్ర జీవనమే రాజకీయాల్లో ఆమెకు బలమైంది. తెలుగుతో పాటు ఉర్దూ, మరాఠీ, ఆంగ్ల భాషల్లో ఆమెకున్న పరిచయం సభావేదికలపై అక్కరకు వచ్చింది.

అంబేద్కర్ బాటలో..

డాక్టర్ అంబేద్కర్ 1942 జూలైలో నాగపూర్ మహాసభలో అఖిల భారత షెడ్యూల్డు కులాల ఫెడరేషన్‌కు రూపమిచ్చారు. హైదరాబాద్ రాజ్యంలో దళిత నాయకత్వం అప్పటికి ఒక్క తాటిపై లేదు. నిజాం ప్రభుత్వానికి అనుకూలురు కొందరు, కాంగ్రెస్ వైపు మొగ్గినవారు మరికొందరు. 1947 నవంబరులో అంబేద్కర్ స్వయంగా ప్రకటన చేసి, హైదరాబాద్ దళితులు నిజాం పక్షం వహించరాదని స్పష్టం చేశారు. ఈశ్వరీబాయి జె.హెచ్.సుబ్బయ్య ప్రభృతులు నడిపిన ఫెడరేషన్ మార్గాన్ని ఎంచుకున్నారు. హరిజనోద్ధరణ పేరిట దయ చూపే రాజకీయం కాక, హక్కు అడిగే రాజకీయం కావాలన్నది ఆ మార్గం సారాంశం. ఆమె జీవితంలోని వివాదాలన్నింటికీ మూలం ఈ ఎంపికలోనే ఉన్నది.

1950 దశకం ఆరంభంలో జరిగిన పురపాలక ఎన్నికల్లో చిలకలగూడ నుంచి స్వతంత్ర అభ్యర్థినిగా పోటీచేసి కౌన్సిలర్‌గా గెలుపొందారు. బస్తీలకు నీటి కొళాయిలు, దీపాలు, మురుగుకాల్వల కోసం అధికారుల చుట్టూ తిరిగే పనిలోనే ఆమె రాజకీయం నేర్చారు. 1957 అక్టోబరులో ఫెడరేషన్ స్థానే రిపబ్లికన్ పార్టీ ఆవిర్భవించగా, ఆంధ్రప్రదేశ్‌లో ఆ పార్టీకి ఆమె ప్రముఖ నాయకురాలయ్యారు. అనంతరం రాష్ట్ర శాఖ అధ్యక్ష బాధ్యతలు నిర్వహించారు.

ఇద్దరు దళిత మహిళల పోరు

రిజర్వుడు స్థానంలో అభ్యర్థి దళితుడే అయినా ఓటు వేసేది అన్ని కులాల వారు. అందుచేత ఊరి పెద్దల అండ, పెద్ద పార్టీ టికెట్టు లేనివారు అక్కడ గెలవడం దుర్లభం. 1952 ఎన్నికల్లో సాక్షాత్తూ అంబేద్కరే బొంబాయిలో ఓటమి చవిచూశారు. 1954లో భండారా ఉప ఎన్నికలోనూ ఆయనకు పరాజయమే ఎదురైంది. అటువంటి పరిస్థితుల్లో 1967లో ఈశ్వరీబాయి ఎల్లారెడ్డి బరిలో దిగారు.

ప్రత్యర్థి సామాన్యురాలు కాదు. కాంగ్రెస్ అభ్యర్థిని టి.ఎన్.సదాలక్ష్మి అప్పటికే శాసనసభ ఉప సభాపతిగా, దేవాదాయ శాఖ మంత్రిగా పనిచేసిన నాయకురాలు. ఆమెదీ సికింద్రాబాదే. ఆమె మాదిగ కులస్థురాలు. జంటనగరాల్లో చదువుకుని ఎదిగిన ఇద్దరు దళిత మహిళలు నిజామాబాద్ జిల్లా పల్లెల్లో ఓట్ల కోసం తలపడడం ఆ కాలపు రాష్ట్ర రాజకీయాల్లో అరుదైన దృశ్యం. మాల, మాదిగల నడుమ పోటీగా దానిని చూసినవారూ ఉన్నారు. విజయం ఈశ్వరీబాయిని వరించింది. 287 స్థానాల ఆ శాసనసభలో కాంగ్రెస్ 165 చోట్ల గెలవగా, రిపబ్లికన్ పార్టీకి దక్కినవి రెండే. వెనుక బలగం లేని సభ్యురాలిగా ఆమె సభలో అడుగుపెట్టారు.

చెప్పు లేచిన వేళ

మరుసటి ఏడాదే ఆమె పేరు మారుమోగింది. 1968లో కృష్ణా జిల్లా కంచికచర్లలో కోటేశు అనే దళిత యువకునిపై ఇత్తడి పాత్ర దొంగిలించాడన్న నింద మోపి, కట్టివేసి కొట్టి, కిరోసిన్ పోసి సజీవంగా దహనం చేశారు. ఆ దారుణం దేశాన్ని కలచివేసింది. ఆ వేడి చల్లారకముందే, దొంగతనం చేసే హరిజనులను తన్నడంలో తప్పులేదన్న అర్థం వచ్చే రీతిలో వ్యవసాయ శాఖ మంత్రి పి.తిమ్మారెడ్డి మాట్లాడారన్న వార్త గుప్పుమంది. ఆ విషయం పార్లమెంటులోనూ దుమారం రేపింది.

కాసు బ్రహ్మానందరెడ్డి ప్రభుత్వం అధికారంలో ఉన్న ఆ సమయంలో ఈశ్వరీబాయి శాసనసభలో మంత్రిని నిలదీశారు. తన్నుతామన్న వారికి తన్నులతోనే సమాధానం ఉంటుందని హెచ్చరిస్తూ కాలి చెప్పును చేతికి తీసుకుని పైకెత్తి చూపారు. సభ నిర్ఘాంతపోయింది. సభా మర్యాదను మంటగలిపారని విమర్శించినవారున్నారు. ఒక మహిళ అలా ప్రవర్తించడమేమిటని ముక్కున వేలేసుకున్నవారూ ఉన్నారు. మరోవైపు దళితవాడల్లో ఆమె పేరు ఇంటింటా మాటయింది.

ఆ ఘటనను ఆనాటి పరిస్థితుల్లో ఉంచి చూడవలసి ఉన్నది. దళితులపై అత్యాచారాల నిరోధానికి ప్రత్యేక చట్టం అప్పటికి లేదు. ఉన్నది 1955 నాటి అస్పృశ్యతా నేరాల చట్టం. అది గుడిలోకి, బావి వద్దకు, హోటల్లోకి రానివ్వని వారిని శిక్షించేందుకు ఉద్దేశించినదే గాని, ఇటువంటి హత్యాకాండకు రూపొందినది కాదు. అత్యాచారాల నిరోధక చట్టం రావడానికి 1989 వరకు, అంటే మరో 21 ఏళ్లు ఆగవలసి వచ్చింది. చట్టం చేతికి అందని చోట, ఓట్ల లెక్కలో బలం లేని చోట, ఇద్దరే సభ్యులున్న పార్టీకి చెందిన ఒక మహిళ తన జాతి గౌరవాన్ని కాపాడేందుకు తీసుకున్న ఆయుధం అది. మర్యాద తప్పింది ఎవరన్న ప్రశ్నకు సభ ఆనాడు ఏ సమాధానం చెప్పుకున్నా, చెప్పు కంటే ముందు నోరు జారినది ఎవరన్నది ప్రజలు మరువలేదు.

ఉద్యమంలో.. కారాగారంలో

1969 జనవరిలో పాల్వంచ నుంచి రాజుకున్న తెలంగాణ ఉద్యమం అనతికాలంలోనే ఈ ప్రాంతమంతటా వ్యాపించింది. 1956 నాటి పెద్దమనుషుల ఒప్పందంలోని రక్షణలు అమలు కాలేదన్నది ప్రజల ఆవేదన. ఈశ్వరీబాయి ఉద్యమంలోకి దూకారు. ఊరూరా సభల్లో ప్రసంగించారు. ప్రభుత్వం నిర్బంధించగా కారాగారవాసం అనుభవించారు. రెండేళ్ల క్రితం ఎల్లారెడ్డిలో ఆమెతో తలపడిన సదాలక్ష్మి సైతం అదే ఉద్యమంలో ముందువరుసలో నిలిచారు. ఎన్నికల బరి వేరు చేసిన ఇద్దరినీ తెలంగాణ నినాదం ఒక వైపునకు చేర్చింది. సదాలక్ష్మి తదనంతర కాలంలో, 1990 దశకంలో, మాదిగ దండోరా ఉద్యమానికి అండగా నిలిచి 2004లో కన్నుమూశారు.

1971 లోక్‌సభ ఎన్నికల్లో తెలంగాణ ప్రజా సమితి ఈ ప్రాంతంలోని 14 స్థానాల్లో పదింటిని గెలుచుకుంది. అదే సంవత్సరం డాక్టర్ మర్రి చెన్నారెడ్డి నాయకత్వంలో సమితి కాంగ్రెస్‌లో విలీనమైంది. ఉద్యమంలో బిడ్డలను పోగొట్టుకున్న కుటుంబాలకు అది మింగుడుపడని పరిణామం. విలీనం బాట పట్టిన వారికి టికెట్లు, పదవులు దొరికాయి. ఈశ్వరీబాయి ఆ బాట పట్టలేదు. విలీనాన్ని వ్యతిరేకించిన సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితి పక్షాన 1972లో తిరిగి ఎల్లారెడ్డి నుంచే పోటీకి నిలిచారు.

ఆ ఎన్నికల్లో కాంగ్రెస్ ప్రభంజనం వీచింది. 287 స్థానాల్లో 219 ఆ పార్టీ కైవసం చేసుకుంది. సంపూర్ణ తెలంగాణ ప్రజా సమితికి రాష్ట్రం మొత్తం మీద దక్కింది ఒకే ఒక్క స్థానం. అది ఎల్లారెడ్డి. ప్రత్యేక రాష్ట్ర ఆకాంక్ష ఓడిపోయిందని అందరూ భావించిన వేళ, ఆ జెండాను శాసనసభలో నిలిపిన ఘనత ఈ నియోజకవర్గ ఓటర్లది, వారు నమ్మిన ఈశ్వరీబాయిది. తెలంగాణ ఉద్యమ చరిత్ర చెప్పుకొనేటప్పుడు ఈ ఒక్క స్థానం ప్రస్తావన తరచుగా విస్మృతికి గురవుతోంది.

ఏటికి ఎదురీత

రెండవ పర్యాయం సభ్యత్వ కాలం ఒడిదుడుకులతో సాగింది. 1972 చివర జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. 1973లో రాష్ట్రపతి పాలన వచ్చింది. 1975లో అత్యవసర పరిస్థితి విధించారు. ఇన్ని మార్పుల నడుమ 1978 వరకు ఆమె ప్రతిపక్షంలోనే కొనసాగారు. 1978 ఎన్నికల నాటికి ఎల్లారెడ్డి జనరల్ స్థానమైంది. ఆమె తిరిగి శాసనసభలో అడుగుపెట్టలేదు. ఆ తరువాత ఈ నియోజకవర్గం నుంచి మరో దళిత మహిళ శాసనసభకు ఎన్నిక కాలేదు.

ఈశ్వరీబాయిపై విమర్శలు లేకపోలేదు. దుందుడుకు స్వభావమని, ఎవరితోనూ సర్దుకుపోరని ప్రత్యర్థులు తప్పుపట్టేవారు. కాంగ్రెస్‌లో చేరి ఉంటే మంత్రి పదవి దక్కేదన్న మాటా వినిపించేది. ఆ మాటలో కొంత నిజం ఉన్నది. చిన్న పార్టీలో ఉండి ఆమె చట్టాలు చేయించలేకపోయారు. రిపబ్లికన్ పార్టీ ముక్కచెక్కలైనందున ఆమె వెనుక నిలకడైన సంస్థ మిగలలేదు. ఆమె తరువాత ఆ పార్టీ ఈ జిల్లాలో పుంజుకోలేదు. ఒంటరి పోరాటానికి చెల్లించిన మూల్యమది. అయితే సర్దుకుపోయి ఉంటే కంచికచర్ల ఘటనపై ఆ రోజు సభలో ఆ రీతిన నిలదీసే స్వేచ్ఛ ఆమెకు ఉండేది కాదు. పదవా, గొంతా అన్న చోట ఆమె గొంతునే ఎంచుకున్నారు.

తుదిశ్వాస.. తదనంతరం

1991 ఫిబ్రవరి 24న ఈశ్వరీబాయి కన్నుమూశారు. ఆమె కుమార్తె డాక్టర్ జె.గీతారెడ్డి వైద్యవృత్తి నుంచి రాజకీయాల్లోకి వచ్చి ఉమ్మడి రాష్ట్రంలో మంత్రిగా బాధ్యతలు నిర్వహించారు. తల్లి జీవితమంతా ఎదిరించిన కాంగ్రెస్ పార్టీ నుంచే కుమార్తె శాసనసభకు ఎన్నికవడం రాజకీయాల్లోని విచిత్రాల్లో ఒకటి. ఈశ్వరీబాయి పేరిట నెలకొల్పిన ట్రస్టు ఆమె స్మృతిని నిలుపుతోంది. 2014 జూన్ 2న తెలంగాణ రాష్ట్రం ఏర్పడింది. 1972లో ఎల్లారెడ్డి నిలిపిన ఆ ఒక్క స్థానం కోరుకున్నది నాలుగు దశాబ్దాల తరువాత నెరవేరింది. దానిని చూసేందుకు ఆమె లేరు. 2016 అక్టోబరులో ఎల్లారెడ్డి నిజామాబాద్ నుంచి విడివడి కామారెడ్డి జిల్లాలో చేరింది.

డిసెంబరు 1న జయంతి, ఫిబ్రవరి 24న వర్ధంతి సందర్భంగా చిత్రపటానికి పూలమాల వేయడంతో సరిపెట్టక, ఆమె చేసిన పనిని నేటి తరానికి తెలియజేయవలసిన అవసరం ఉన్నది. శాసనసభ చర్చలు అచ్చు ప్రతులుగా భద్రపరిచి ఉన్నాయి. వాటిలో 1967 నుంచి ఎల్లారెడ్డి సభ్యురాలిగా ఈశ్వరీబాయి చేసిన ప్రసంగాలను ఒకచోట చేర్చి, నియోజకవర్గ కేంద్రంలోని గ్రంథాలయంలోను, ఈ ప్రాంత కళాశాలల్లోను అందుబాటులో ఉంచితే విద్యార్థులకు మేలు కలుగుతుంది. కూలి రేట్ల కోసం, వసతిగృహంలో అన్నం కోసం, ఊరిలో గౌరవం కోసం నేటికీ అధికారుల ముందు నిలబడవలసి వస్తున్న ఆడబిడ్డలు ఈ గడ్డపై ఎందరో ఉన్నారు. తమ ఊరి ఓట్లతో గెలిచిన ఒక మహిళ ఎవరికీ తల వంచలేదని వారికి తెలియడం అవసరం.