బందరు బాణీల శిల్పి మాస్టర్ వేణు

పాట పదిమంది నోళ్లలో నానుతుంది. పాడినవారి పేరు కొందరికి గుర్తుంటుంది. బాణీ కూర్చినవారి పేరు మాత్రం తరచుగా మరుగున పడిపోతుంది. కృష్ణాతీరాన జన్మించి తెలుగు చలనచిత్ర సంగీతానికి విశిష్టమైన సేవ చేసిన మాస్టర్ వేణు గారి విషయంలో జరిగినది ఇదే.

వీరి అసలు పేరు మద్దూరి వేణుగోపాల్. 1916లో మచిలీపట్నంలో జన్మించారు. అనేక వాద్యములలో ప్రవేశమున్నా, మెట్ల వాద్యములే వీరికి ప్రధానమైనవి. ఆ రోజులలో అట్టి వాద్యములపై పండితులకు సదభిప్రాయం లేదు. స్థిరమైన మెట్లపై గమకం పలకదని వారి వాదన. ఆలిండియా రేడియో 1940 నుండి 1971 వరకు హార్మోనియంను దూరంగా ఉంచినది. నాటకశాలలో గౌరవం పొందిన వాద్యమునకు ఆకాశవాణిలో ప్రవేశం లేకపోయినది.

వేణుగారు నిరుత్సాహపడక మరొక అడుగు ముందుకు వేశారు. 1935లో అమెరికాలోని చికాగోలో హేమండ్ ఆర్గాన్ అను వాద్యం వెలువడినది. దీనికి గాలితిత్తి లేదు. విద్యుచ్ఛక్తితో తిరిగే ఉక్కు చక్రములు అయస్కాంతముల చెంత స్వరములను పుట్టిస్తాయి. దీనిని దక్షిణభారత సినిమా సంగీతంలో ప్రవేశపెట్టిన ఘనత వేణుగారిదే.

విదేశీ యంత్రంపై ఇంతటి ప్రావీణ్యం గల ఈయన సంగీతం మన మట్టిని విడిచిపోయినదా? ‘రోజులు మారాయి’ (1955) అందుకు సమాధానం. అందులో కొసరాజు గారు రచించిన ఏరువాక పాటను జిక్కి పాడగా, యువతి వహీదా రెహమాన్ నర్తించినది. తొలకరి వానకు పొలం దున్నే రైతు ఉత్సాహమంతా ఆ బాణీలో ఉన్నది. ఆ నృత్యంతో పేరొందిన వహీదా 1956లో హిందీ చిత్రసీమలో అడుగిడినది. ఆ బాణీ సైతం 1960లో ‘బంబయీ కా బాబూ’ చిత్రంలో ఎస్.డి. బర్మన్ సంగీతంలో హిందీ పాటగా వినిపించినది. డెల్టా పొలాల పదం దేశమంతటా పలికినది.

‘తోడికోడళ్ళు’ (1957), ‘మాంగల్య బలం’ (1959), ‘కలసివుంటే కలదు సుఖం’ (1961) చిత్రములకు వీరే సంగీతదర్శకులు. ‘రాజమకుటం’ (1960)లో దేవులపల్లి కృష్ణశాస్త్రి గారి గీతమునకు పి. లీల గళంలో వీరు పలికించిన మార్దవం మరపురానిది. గమకం మెట్లపై పలుకకపోవచ్చును. స్వరకర్త హృదయంలో ఉన్నచో గాయకుని కంఠంలో పలుకుతుంది.

1981లో వేణుగారు పరమపదించారు. నటుడు భానుచందర్ వీరి కుమారుడే.

విద్యార్థి మిత్రులారా! విద్య ఏ దేశమునుండి వచ్చినను నేర్వదగినదే. నేర్చిన విద్యతో పుట్టినగడ్డ గుండెచప్పుడును వినిపించుటయే ఘనత. తొలకరినాడు ఆ ఏరువాక పాట చెవిని పడినప్పుడు బందరు వేణుగోపాలుని ఒక్కసారి స్మరించుదము. మనం తీర్చుకొనవలసిన ఋణం అంతమాత్రమే.