పంతులుగారు ఊళ్లెందుకు మారారు?

మొన్న సచివాలయంలో పనిచేసే మా ఊరి తమ్ముడొకడు బదిలీ అర్జీ పట్టుకొచ్చాడు, కాస్త రాసిపెట్టన్నా అని. రాజమండ్రి టౌనుకి ఎల్లిపోవాలంట. కోరి ఎల్తే టీటీఏ రాదు, సామాన్ల లారీ ఖర్చు మనదే. అదంతా తెలిసే అడుగుతున్నాడు. కారణం అన్న గడి దగ్గర మాత్రం ఇద్దరం ఆగిపోయాం. నాకు కందుకూరి వీరేశలింగం పంతులుగారు గుర్తొచ్చారు.

వితంతు వివాహాలు చేయించినాయనగానే ఆయన్ని మనకి బళ్లో చెప్పారు. నెల జీతం మీద బతికిన మేస్టారని ఎవరూ చెప్పలేదు. 1848లో రాజమండ్రిలో పుట్టారు. నాలుగేళ్లకే తండ్రి పోతే పెదనాన్న పెంచారు. ప్లీడరీ చేద్దామనుకున్నారు గానీ అబద్ధాలాడకపోతే అందులో బతకలేమని తేలాక వదిలేసి, 1872లో కోరంగి ఇంగ్లీషు బడికి హెడ్మాస్టరుగా ఎల్లారు.

కోరంగంటే మన తాళ్లరేవు పక్కనే. ఒకప్పుడు పెద్ద రేవు, 1839 తుపానుకి చితికిపోయింది. అక్కణ్ణుంచి ఓడెక్కినోళ్ల వల్ల బర్మాలో తెలుగోళ్లందరికీ కోరంగీలనే పేరు పడిపోయింది. ఊళ్లో కుర్రాళ్లు పొట్టకూటికి సముద్రం దాటుతుంటే, ఈయన పాఠాలు చెప్పుకుంటా రెండేళ్లున్నారు.

తర్వాత ధవళేశ్వరం బడికి మారారు. అక్కణ్ణుంచి రాజమండ్రి ఆరేడు కిలోమీటర్లే. సొంతూరి దగ్గరకొచ్చి సుఖంగా కూచోవచ్చు కదా! కూచోలేదు. 1874లోనే, అదే ధవళేశ్వరంలో ఆడపిల్లలకి బడి పెట్టారు, వివేకవర్ధని పత్రిక మొదలెట్టారు. మొదట్లో పత్రిక మద్రాసులో అచ్చయ్యేది. అంత దూరం నుంచి పత్రిక నడపడం ఎంత తలనొప్పో నాలాగా చిన్న పత్రికల్లో తిరిగినోళ్లకి తెలుస్తుంది. ఆ ఉద్యోగమూ వదిలేసి రాజమండ్రి చేరారు, అక్కడే అచ్చాఫీసు పెట్టుకున్నారు. లంచాలు తినే అధికారుల్ని ఆ పత్రికలోనే ఉతికేశారు. తర్వాత రాజమండ్రిలోనే సర్కారీ కాలేజీలో తెలుగు పండితుడయ్యారు. సర్కారు జీతం తింటా సర్కారు నౌకర్ల మీద రాయడం ఇయ్యాళ ఎవరైనా చెయ్యగలరేమో చూడండి.

1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములు, గౌరమ్మల పెళ్లి చేయించారు. మొదటి వితంతు వివాహం అదే. కాకినాడ వర్తకుడు పైడా రామకృష్ణయ్యగారు డబ్బు సాయం చేశారు. కులపోళ్లు వెలేశారు. వంటోళ్లు రాలేదు, నీళ్లు మోసేవాళ్లు మానేశారు. ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారే గోదారి కెళ్లి బిందెలతో నీళ్లు మోసుకొచ్చి, పెళ్లికొచ్చినోళ్లకి వండిపెట్టారు. పంతులుగారి గురించి పది మాటలు చెప్తే అందులో అయిదు ఆవిడకి చెందాలంటాను. కులం మొత్తం తలుపులేసుకున్నా ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే నెలనెలా వచ్చే జీతం కూడా కారణమే. ఉద్యోగమంటే నామోషీ పడే ఉద్యమకారులు ఈ ముక్క గుర్తెట్టుకోవాలి. ఆయన పోరాటం ఎక్కువగా పైకులాల ఇళ్లలోనే తిరిగిందని నాకో పేచీ ఉంది. 1893లో రావుబహదూర్ బిరుదు పుచ్చుకున్నారని ఇంకో పేచీ. అయినా ఆ నీళ్ల బిందెలు తల్చుకుంటే నోరు పెగలదు.

యాభై దాటాక, 1899లో, మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో పండితుడిగా చేరారు. ఆ వయసులో మనోళ్లు ఇంటికి దగ్గరగా పడేయమని కాళ్లావేళ్లా పడతారు. ఆయన రైలెక్కి దూరమెళ్లారు. కొన్నేళ్లకి తిరిగి రాజమండ్రి వచ్చి, 1906లో హితకారిణీ సమాజం పెట్టి ఉన్న ఆస్తంతా దానికే రాసిచ్చేశారు. పిల్లల్లేరు. 1910లో రాజ్యలక్ష్మమ్మగారు పోయారు.

ఇదంతా చెప్పాక ఆ తమ్ముడు అర్జీ మడత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇంట్లో ముసలమ్మకి బాగోలేదు, ఆసుపత్రి దగ్గరుంటుందని అప్పుడు బయటెట్టాడు. అదే రాయమన్నాను. సిగ్గు పడాల్సిందేమీ లేదు. రాజమండ్రిలో సాయంత్రం అయిదు తర్వాత ఏం చేస్తావురా అనడిగితే మాత్రం నవ్వేసి ఎల్లిపోయాడు.

రాజమండ్రిలో పంతులుగారి ఇల్లు ఇప్పటికీ ఉంది, ఎల్తే చూడొచ్చు. ఆయన పోయింది మాత్రం మద్రాసులో, 1919 మే 27న.