నాలుగు వేల మందిని అడిగిన ఇంజినీర్ లిలియన్ గిల్‌బ్రెత్

1924 జూన్ 14న ఫ్రాంక్ గిల్‌బ్రెత్ గుండెపోటుతో హఠాత్తుగా మరణించారు. అప్పటికి ఆయన భార్య లిలియన్ వయసు 46. ఇంట్లో పదకొండు మంది పిల్లలు. పెద్దమ్మాయికి పద్దెనిమిదేళ్లు, చివరి పాపకు ఇంకా రెండేళ్లు నిండలేదు.

భార్యాభర్తలిద్దరూ అమెరికాలో ఫ్యాక్టరీలకు సలహాలిచ్చే సంస్థ నడిపేవారు. కార్మికులు పనిచేస్తుండగా ఫిలిం తీసి, ఏ కదలిక వృథాయో కనిపెట్టేవారు. ఫ్రాంక్ పోగానే చాలా కంపెనీలు వెనక్కి తగ్గాయి. ఇంజినీరింగ్ విషయంలో ఒక మహిళ మాట వినడానికి అవి సిద్ధంగా లేవు. పిల్లల చదువులు మాత్రం ఆగకూడదు. మరి దారి ఏది?

లిలియన్ 1878లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో పుట్టారు. బర్క్‌లీలో సాహిత్యం చదివి 1900లో పట్టా అందుకున్నారు. పెళ్లయి, పిల్లలను పెంచుతూనే సైకాలజీ చదివి, 1915లో బ్రౌన్ యూనివర్సిటీ నుంచి డాక్టరేట్ పొందారు. తరగతి గదిలో బోధన వృథా కాకుండా చూడడమెలా అన్నదే ఆమె పరిశోధన. అందరూ యంత్రం వేగం చూసే రోజుల్లో ఆమె మనిషి అలసటను, విసుగును, తృప్తిని చూశారు.

ఆ చదువే ఇప్పుడు ఆదుకుంది. మహిళలు వాడే వస్తువులు తయారుచేసే కంపెనీలకు ఆమె అవసరం కనిపించింది. జాన్సన్ అండ్ జాన్సన్ కోసం శానిటరీ ప్యాడ్ల గురించి వెయ్యి మందికి పైగా మహిళల అభిప్రాయాలు సేకరించారు. ఆ రోజుల్లో నోరు విప్పి మాట్లాడని విషయమది. ఎదుటివారు ఇబ్బంది పడకుండా అడగడం ఆమెకు తెలుసు.

తర్వాత వంటగదులు. నిజానికి ఆమెకు వంట అంతంతమాత్రమే వచ్చు. అందుకే తనకు తోచినట్టు గీయకుండా, రోజూ వండేవారినే అడిగారు. జనరల్ ఎలక్ట్రిక్ కోసం నాలుగు వేల మందికి పైగా మహిళలతో మాట్లాడి, స్టవ్, సింకు ఎంత ఎత్తులో ఉంటే నడుము నొప్పి పుట్టదో లెక్క తేల్చారు. కాలితో నొక్కితే మూత తెరుచుకునే చెత్తబుట్ట, ఫ్రిజ్ తలుపులోని అరలు ఆమె ఆలోచనలేనని చెబుతారు.

1935లో పర్డ్యూ యూనివర్సిటీలో ప్రొఫెసర్ అయ్యారు. 1965లో అమెరికా నేషనల్ అకాడమీ ఆఫ్ ఇంజినీరింగ్‌కు ఎన్నికైన తొలి మహిళగా నిలిచారు. 1972లో, 93 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

ఆమె చేసిన పనిని పోలిన ఉద్యోగానికి ఇప్పుడు యూజర్ ఎక్స్‌పీరియన్స్ రీసెర్చ్ అని పేరు. బ్యాంకు యాప్ అయినా, ఆసుపత్రి వెబ్‌సైట్ అయినా, వాడేవారు ఎక్కడ తడబడుతున్నారో కనుక్కోవడమే ఆ పని. దానికి కావలసినవి ఓపికగా వినడం, జవాబును మనమే అందించకుండా ప్రశ్న అడగడం, చెప్పే మాటకూ చేసే పనికీ ఉన్న తేడా గమనించడం, లెక్క వేయడం, తెలిసినదాన్ని స్పష్టంగా రాయడం. ఎంపీసీ పిల్లలతో పాటు సాహిత్యం, సైకాలజీ ఇష్టపడే పిల్లలకూ ఇందులో చోటుంది.

ఈ ఆదివారం మీ అమ్మాయికో అబ్బాయికో ఒక చిన్న పని అప్పగించండి. అమ్మమ్మ ఫోన్‌లో వీడియో కాల్ చేస్తుంటే పక్కన కూర్చోమనండి. మధ్యలో ఫోన్ లాక్కోకూడదు, ఏది నొక్కాలో చెప్పకూడదు. ఆమె ఎక్కడ ఆగిందో, ఎందుకు ఆగిందో అడిగి రాసుకోవాలి. లిలియన్ చేసిందీ అదే.