థామస్ మన్రో

సర్ థామస్ మన్రో (మే 27, 1761 - జూలై 6, 1827) ఈస్టిండియా కంపెనీ పాలనాధికారి, మద్రాసు గవర్నరు. స్కాట్లాండులోని గ్లాస్గోలో జన్మించాడు. 1800లో నిజాము అప్పగించిన దత్తమండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చి, అనంతపురం కేంద్రంగా 1807 వరకు పనిచేసాడు. లొంగిన పాలెగాళ్ళకు పింఛనులిచ్చి, ఎదిరించినవారిని సైన్యంతో అణచివేసాడు.

1814లో న్యాయ సంస్కరణల సంఘానికి అధ్యక్షుడయ్యాడు. తత్ఫలితంగా 1816 రెగ్యులేషన్ల ద్వారా మేజిస్ట్రేటు, పోలీసు అధికారాలు జిల్లా జడ్జి నుండి కలెక్టరుకు మారాయి. తిట్లు, చిన్న కొట్లాటల వంటి నేరాలకు నిందితుని దూరపు కోర్టుకు పంపకుండా, గ్రామపెద్దే చావడిలో 12 గంటలకు మించకుండా నిర్బంధించే వీలు కలిగింది. నిమ్నకులాల వారికి మాత్రం బొండకొయ్య శిక్ష ఉండేది.

మన్రో పత్తికొండలో కలరాతో మరణించాడు. శిస్తు వసూలుదారే పోలీసు కావడం చిత్రహింసలకు దారితీసిందని 1855లో విచారణ సంఘం తేల్చింది. 1859లో మద్రాసు పోలీసు శాఖను వేరుచేసారు.