మోనికా సెట్టర్లుండ్

మోనికా సెట్టర్లుండ్ (సెప్టెంబరు 20, 1937 - మే 12, 2005) స్వీడన్ దేశానికి చెందిన సుప్రసిద్ధ జాజ్ గాయని, నటి. అమెరికాలో పుట్టిన జాజ్ సంగీతాన్ని స్వీడిష్ భాషలో పాడి, ఆ భాషకు కొత్త అందాన్ని చేకూర్చిన కళాకారులలో ఈమె అగ్రగణ్యురాలు. 1963లో లండన్ నగరంలో జరిగిన యూరోవిజన్ పాటల పోటీలో ఈమె స్వీడన్ తరఫున పాడి ఒక్క పాయింటైనా పొందలేక చివరి స్థానంలో నిలిచింది. ఆ పోటీలో ఏడు సార్లు విజేతగా నిలిచిన స్వీడన్‌కు సున్న వచ్చినది ఆ ఒక్కసారి మాత్రమే. అయినప్పటికీ ఆ పాట స్వీడన్‌లో మరుగున పడలేదు. ఆమె కీర్తి కూడా తగ్గలేదు.

ఆంగ్ల గ్రంథాలను అనుసరించి ఈమె ఇంటిపేరును కొందరు జెట్టర్లుండ్ అని వ్రాస్తారు. స్వీడిష్ భాషలో జెడ్ అక్షరాన్ని "స" వలె పలుకుతారు కనుక ఈ వ్యాసంలో సెట్టర్లుండ్ అనే రూపమే వాడబడినది.

బాల్యం

మోనికా పుట్టినింటి పేరు నిల్సన్. స్వీడన్ పశ్చిమ భాగంలోని వెర్మ్‌లాండ్ ప్రాంతంలో హాగ్‌ఫోర్స్ అనే చిన్న పట్టణంలో జన్మించింది. అడవుల మధ్య ఇనుము, ఉక్కు కర్మాగారంపై ఆధారపడి బ్రతికే ఊరు అది. 1909లో నోబెల్ సాహిత్య బహుమతి పొందిన రచయిత్రి సెల్మా లాగెర్లోఫ్ కూడా వెర్మ్‌లాండ్‌కు చెందినదే. కథలకూ పాటలకూ ఆ ప్రాంతం పేరుపొందినది.

మోనికా తండ్రి బెంగ్ట్ నిల్సన్ ఊరిలో నృత్య వాద్యబృందాన్ని నడిపేవాడు. చిన్న వయసులోనే ఆమె ఆ బృందంతో పాడటం మొదలుపెట్టింది. రేడియోలోనూ గ్రామఫోను రికార్డులలోనూ వినిపించే అమెరికన్ జాజ్ పాటలను, మాటలకు అర్థం తెలియకపోయినా, చెవికి వినబడిన ధ్వనులను బట్టి కంఠస్థం చేసేది. భాష తెలియని పాటను ధ్వనితో పట్టుకొన్న ఆ అమ్మాయే తరువాతి కాలంలో మాటలోని అర్థాన్ని శ్రోత మనసులో నాటే గాయనిగా పేరు తెచ్చుకొన్నది. ఇరవై ఏళ్ళు నిండకముందే ఆమెకు వివాహమై, 1955లో ఒక కుమార్తె కలిగింది. ఆ వివాహం నిలవలేదు గాని సెట్టర్లుండ్ అనే ఇంటిపేరు మాత్రం ఆమెతో ఉండిపోయింది.

సంగీత ప్రస్థానం

1957లో డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లో ఇబ్ గ్లిండెమన్ వాద్యబృందంతోనూ, ఆ తరువాత స్టాక్‌హోంలో ఆర్నె డొమ్నేరస్ బృందంతోనూ పాడి గుర్తింపు పొందింది. 1958లో ఆమె మొదటి ఆల్బం వెలువడింది. 1960లో అమెరికా వెళ్ళి న్యూయార్క్‌లో థాడ్ జోన్స్, జూట్ సిమ్స్ వంటి ప్రసిద్ధ వాద్యకారులతో కలసి పాటలు రికార్డు చేసినది. కానీ ఆ రికార్డింగులు వెలుగు చూడటానికి 1996 వరకూ ఆగవలసి వచ్చింది.

అసలైన మలుపు స్వదేశంలోనే వచ్చింది. కవి, హాస్య రచయిత, నటుడు అయిన బెప్పె వోల్గెర్స్ (1928 - 1986) అమెరికన్ జాజ్ బాణీలకు స్వీడిష్ మాటలు వ్రాసి ఆమె చేత పాడించాడు. ఇవి అనువాదాలు కావు. ప్రేయసిని ఇంటికి సాగనంపే ఒక అమెరికన్ పాట ఆయన చేతిలో స్టాక్‌హోం వీధులలో మెల్లగా నడిచే ఇద్దరి పాటగా మారింది. 1962 నాటి "సక్తా వి గో యేనొం స్తాన్" అనే ఈ పాటను స్టాక్‌హోం వాసులు తమ నగర గీతంగా భావిస్తారు. డేవ్ బ్రూబెక్ బృందం వాయించిన "టేక్ ఫైవ్" అనే వాద్యగీతానికి కూడా వోల్గెర్స్ మాటలు కూర్చాడు. అయిదు మాత్రల ఆ తాళంలో మాటలు తొట్రుపడకుండా పాడటం సులభం కాదు. మోనికా దానిని మామూలు సంభాషణ వలె పాడివేసినది.

జాజ్ అనగానే ఆంగ్లంలోనే పాడాలి అనుకొనే రోజులలో, మారుమూల ఉక్కు పట్టణం నుండి వచ్చిన యువతి సొంత భాషలో పాడి మెప్పించడం స్వీడన్ ప్రజలకు గర్వకారణమైనది. ఈ నేపథ్యం తెలిస్తే గాని లండన్‌లో జరిగినదాని బరువు అర్థం కాదు.

1963 యూరోవిజన్ పోటీ

యూరోవిజన్ పాటల పోటీని ఐరోపా దేశాల ప్రసార సంస్థల సమాఖ్య 1956లో స్విట్జర్లాండ్‌లోని లుగానో పట్టణంలో ప్రారంభించింది. ఒక్కొక్క దేశం ఒక్కొక్క పాటను పంపుతుంది. అన్ని దేశాల ప్రేక్షకులూ ఒకే సమయంలో టెలివిజన్‌లో చూస్తారు. స్వీడన్ 1958లో మొదటిసారి పాల్గొని నాలుగవ స్థానం పొందింది.

1963 పోటీకి స్వీడన్ ఎంపిక చేసిన పాట "ఎన్ గోంగ్ ఇ స్టాక్‌హోం". స్టాక్‌హోంలో ఒకప్పుడు అని దీని అర్థం. బాబీ ఎరిక్సన్ బాణీ కట్టగా, మాటలు బెప్పె వోల్గెర్స్ వ్రాశాడు. నిదానంగా సాగే పాట ఇది. గాయని గొంతు పెంచదు. శ్రోత దగ్గరకు వచ్చి వినాలి.

మార్చి 23న లండన్‌లోని బి.బి.సి. టెలివిజన్ కేంద్రంలో పోటీ జరిగింది. 16 దేశాలు పాల్గొన్నాయి. గాయకులు ఒక స్టూడియోలో, ప్రేక్షకులు వేరొక స్టూడియోలో ఉన్నారు. మైకులు కెమెరాకు కనబడకుండా పైనుండి వ్రేలాడదీయడం వలన పాటలు ముందుగానే రికార్డు చేసినవేమో అని అప్పట్లో కొందరు అనుమానించారు.

ప్రతి దేశంలోనూ 20 మంది న్యాయనిర్ణేతలు ఉన్నారు. ప్రతి దేశమూ తనకు నచ్చిన ఐదు పాటలకు వరుసగా 5, 4, 3, 2, 1 పాయింట్లు ఇవ్వాలి. సొంత పాటకు ఇవ్వరాదు. ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఒక పాట అన్ని దేశాలలోనూ ఆరవ స్థానంలో నిలిచినా దానికి దక్కేది సున్నయే. కనుక సున్న వచ్చినంత మాత్రాన ఆ పాట ఎవరికీ నచ్చలేదని తీర్మానించడం సరికాదు. అయితే ఫలితాల పలకపై ఈ వివరణ కనబడదు గదా!

ఆ రాత్రి నాలుగు దేశాలకు సున్న వచ్చింది: స్వీడన్, నార్వే, ఫిన్లాండ్, నెదర్లాండ్స్. వీటిలో మూడు ఉత్తర ఐరోపా దేశాలే. (ఫిన్లాండ్‌ను కచ్చితంగా స్కాండినేవియాలో చేర్చరు గాని, ఇటువంటి విషయాలలో ఆ దేశాలన్నీ ఒక కుటుంబమే.) నాలుగవ సోదరి వంటి డెన్మార్క్ మాత్రం 42 పాయింట్లతో ప్రథమ స్థానం పొందింది. గ్రెథె, యోర్గెన్ ఇంగ్‌మన్ దంపతులు ప్రదర్శించిన "డాన్సెవీసె" అనే పాటతో స్కాండినేవియాకు యూరోవిజన్‌లో తొలి విజయం లభించింది. ఒకే రాత్రి, ఒకే వేదికపై ఆ ప్రాంతం పట్టికకు తలగానూ తోకగానూ నిలిచింది.

ఆ విజయం కూడా వివాదరహితం కాదు. నార్వే ప్రతినిధి మొదట చదివిన లెక్క ప్రకారం స్విట్జర్లాండ్‌కు 3, డెన్మార్క్‌కు 2 పాయింట్లు. చదివిన పద్ధతి సరిగా లేదని వ్యాఖ్యాత్రి కేటీ బోయిల్ ఆపగా, అన్ని దేశాలూ పూర్తయిన తరువాత నార్వేను తిరిగి పిలిచారు. ఈసారి డెన్మార్క్‌కు 4, స్విట్జర్లాండ్‌కు 1 అని వచ్చింది. తుది లెక్కలో స్విట్జర్లాండ్‌కు 40 మాత్రమే వచ్చినందున ఈ మార్పే విజేతను నిర్ణయించింది. పొరుగువారు పొరుగువారిని గెలిపించారు అనే ఆరోపణ అక్కడ నుండి మొదలై, నేటి వరకూ ఏదో ఒక రూపంలో వినబడుతూనే ఉన్నది.

కాగా ఆ ఆరోపణ చేసేవారు మరచిపోయే సంగతి మరొకటి ఉన్నది. మోనికాకు డెన్మార్క్ ఒక్క పాయింటు ఇవ్వలేదు, నార్వే ఇవ్వలేదు, ఫిన్లాండ్ ఇవ్వలేదు. స్వీడన్ సైతం నార్వేకు గాని ఫిన్లాండ్‌కు గాని ఏమీ ఇవ్వలేదు. సున్నలే ఇందుకు సాక్ష్యం.

సున్న తరువాత

మరుసటి సంవత్సరం కోపెన్‌హాగన్‌లో జరిగిన పోటీకి స్వీడన్ వెళ్ళలేదు. దీనికి కారణం ఓటమి కాదు, ఆ దేశ గాయకుల సమ్మె. 1974లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో అబ్బా బృందం స్వీడన్‌కు తొలి విజయం సాధించిపెట్టింది. ఆ బృందం పాడినది ఆంగ్లంలో. స్వీడిష్ భాషకు తొలి విజయం 1984లో గాని రాలేదు.

స్కాండినేవియా దేశాలలో ఈ పోటీపై గర్వమూ పరిహాసమూ పక్కపక్కనే నడుస్తాయి. 1978లో పారిస్‌లో సున్న పొందిన నార్వే గాయకుడు యాన్ తైగెన్, ఆ ఏడాది పరాజితుడు తానే అనే అర్థం వచ్చే పేరుతో ఆల్బం విడుదల చేసి స్వదేశంలో మరింత ప్రజాదరణ పొందాడు. మోనికా దారి వేరు. ఆమె సున్నను ప్రకటించుకొనలేదు, దాచుకొనలేదు. పాటను మాత్రం వదలలేదు. అది ఆమె ప్రసిద్ధ గీతాలలో ఒకటిగా నిలిచిపోయింది.

లండన్ ఓటమి జరిగి ఏడాదిన్నర తిరగకముందే, 1964 ఆగస్టులో, జాజ్ పియానో విద్వాంసులలో అగ్రశ్రేణికి చెందిన అమెరికన్ బిల్ ఎవాన్స్ (1929 - 1980) తన బృందంతో స్టాక్‌హోంలో ఆమెతో కలసి "వాల్ట్జ్ ఫర్ డెబీ" ఆల్బం రికార్డు చేశాడు. ఎవాన్స్ తన అన్న కూతురి పేరు మీద కట్టిన బాణీకి వోల్గెర్స్ స్వీడిష్ మాటలు వ్రాయగా, ఆ పాట "మోనికా వాల్ట్జ్" అయినది. ఇందులో రెండు స్వీడిష్ జానపద గీతాలు కూడా ఉన్నాయి. ఈ వ్యాసకర్త అభిప్రాయంలో మోనికాను కొత్తగా వినదలచినవారు ఈ ఆల్బంతోనే మొదలుపెట్టడం మంచిది.

హాస్య ప్రదర్శనలు, సినిమాలు

హాన్స్ ఆల్‌ఫ్రెడ్‌సన్ (1931 - 2017), తాగె డానియెల్‌సన్ (1928 - 1985) అనే హాస్య రచయితల జంట స్వీడన్‌లో ఇంటింటా తెలిసినది. వీరి సంస్థ పేరు "స్వెన్‌స్కా ఊర్డ్", అనగా స్వీడిష్ మాటలు. విదేశీ బాణీల స్వరపత్రాలపై స్వీడిష్ మాటలు వ్రాసినవారి పేరుకు ముందు ఈ పదాలే అచ్చు వేసేవారు. దానిని చమత్కారంగా తమ సంస్థకు పెట్టుకొన్నారు. స్వీడిష్ మాటలకే జీవితాన్ని అంకితం చేసిన మోనికా వీరి బృందంలో చేరడం యాదృచ్ఛికమే అయినా ఎంతో తగినదిగా తోస్తుంది. వీరి ప్రదర్శనలలో ఆమె పాడటమే కాక, ముఖం చెదరకుండా నవ్వించే నటిగా కూడా రాణించింది.

1965లో డానియెల్‌సన్ దర్శకత్వంలో వచ్చిన "అత్ అన్యొర ఎన్ బ్రిగ్గా" చిత్రంలో ఆమె నటించి, ప్రధాన గీతం పాడింది. ఒక దీవిలో రొయ్యల వంటి క్రేఫిష్ జీవుల విందుకు బయలుదేరిన మిత్రులు తమ పడవను రేవుకు చేర్చలేక అవస్థపడటమే ఈ చిత్ర కథ. పండుగ ఎదురుగా ఉన్నా, ఒడ్డు చేరలేరు!

విల్‌హెల్మ్ మోబెర్గ్ నవలల ఆధారంగా యాన్ ట్రోయెల్ తీసిన రెండు చిత్రాలలో (1971, 1972) ఆమె ఉల్రికా పాత్ర ధరించింది. ఊరంతా వెలివేసిన స్త్రీ అమెరికాకు వలసపోయి గౌరవప్రదమైన జీవితం గడపడం ఆ పాత్ర కథ. మాక్స్ ఫాన్ సీడో, లివ్ ఉల్మన్ వంటి మహానటుల సరసన ఆమె ఏమాత్రం తీసిపోలేదు. ఈ పాత్రకు స్వీడన్ చలనచిత్ర పురస్కారమైన గుల్డ్‌బాగ్గె లభించింది.

చివరి సంవత్సరాలు

వెన్నెముక వంకర వలన మోనికా చాలాకాలం తీవ్రమైన నొప్పితో బాధపడింది. నిలబడటం కష్టమై కూర్చుని పాడేది. 1992లో ఆత్మకథ ప్రచురించింది. జ్ఞాపకశక్తి సరిగాలేని మనిషి జ్ఞాపకాలు అనే భావం వచ్చే పేరు దానికి పెట్టడంలో తనను తాను ఆటపట్టించుకొనే ఆమె స్వభావం కనబడుతుంది. 1990 దశకం చివరలో అనారోగ్యం వలన పాడటం మానివేసింది.

2005 మే 12న స్టాక్‌హోంలోని బిర్యెర్ యార్ల్ వీధిలో తన నివాసంలో జరిగిన అగ్నిప్రమాదంలో మోనికా మరణించింది. అప్పటికి ఆమె వయసు 67 సంవత్సరాలు.

2013లో పెర్ ఫ్లీ దర్శకత్వంలో ఆమె జీవితంపై "మోనికా జెడ్" చిత్రం విడుదలైనది. గాయని ఎద్దా మాగ్నాసన్ మోనికాగా నటించి గుల్డ్‌బాగ్గె పొందింది. లండన్ రాత్రి, ఆ సున్న కూడా ఆ చిత్రంలో ఉన్నాయి. స్టాక్‌హోంలోని వాసాస్తాన్ ప్రాంతంలో ఒక చిన్న ఉద్యానవనానికి ఆమె పేరు పెట్టారు. అక్కడి బెంచీపై కూర్చుంటే ఆమె పాటలు వినబడతాయి.